కాద్రా ఏ ఊరివాడు?

ఇంకాస్త దగ్గరికి జరగండి. పుష్యమాసపు అరకు చలికి, ముందువైపు మంట కాగుతున్నా వెన్ను వణుకుతూనే ఉంటుంది. ఆ దుప్పటి భుజాల మీదికి లాక్కోండి. గ్లాసులో ఉన్నది ఇక్కడి కొండవాలు కాఫీయే. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగ పక్కన పండిన గింజ. వేడిగా ఉండగానే తాగండి. కబుర్లకేం, రాత్రి చాలా ఉంది.

ఈవేళ నవలల గురించి చెప్పాలనుంది. ఒంటి మీద ఎక్కడో ఓ మచ్చ, మనసులో ఎక్కడో ఓ రహస్యం దాచుకున్న మనుషుల నవలలు. కథానాయకుడు మండుటెండలో కూడా పొడుగు చేతుల చొక్కా ఎందుకు తొడుక్కుంటాడు? మేడమీద ఆ చివరి గదికి తాళం ఎందుకు? రెండొందల పేజీలు గడిస్తేగానీ మనకి చెప్పరు. మధ్యలో ఓ దెయ్యమో క్షుద్రశక్తో వచ్చిందంటే దీపం ఆర్పడానికి చెయ్యి రాదు. పన్నెండో ఏట మొదలైంది నాకీ ఇష్టం. అవి చదివితే చెడిపోతామన్నారు పెద్దవాళ్లు. నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

మా విజయనగరంలో వీధి చివర అద్దెపుస్తకాల కొట్టు ఉండేది. అచ్చు పుస్తకాలతోపాటు, వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి దారంతో కుట్టి అట్ట వేసినవి కూడా అద్దెకిచ్చేవాళ్లు. ఆ బైండు పుస్తకాలంటే నాకు మరీ ప్రేమ. వారం వారం ఎవరో ఇల్లాలు ఎదురుచూసి, చదివి, జాగ్రత్తగా దాచిన పేజీలవి. వెనకవైపు సగం వంటల శీర్షిక, సగం వారఫలాలు. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' కూడా నేను ఆ కొట్లోంచి తెచ్చుకునే చదివాను. జయంతి ఉద్యోగానికి వెళ్లే ఆడపిల్ల. రాజశేఖరం డబ్బున్నవాడు. అతని మీద ఇష్టం ఉండీ తన అభిమానాన్ని ఒక్క మెట్టు కూడా దించదు. ఆ నవలలో రక్తం కారే గాయాలుండవు. ఉన్న గాయాలన్నీ మాట వల్ల తగిలినవే, పైకి కనపడనివ్వకుండా మోసేవే. 2018 మేలో ఆవిడ కాలిఫోర్నియాలో పోయారని విన్నరోజు నేను అన్నం సరిగ్గా తినలేకపోయాను. ఎప్పుడూ చూడని మనిషి కోసం అలా బాధపడటం నవలలు చదివేవాళ్లకి తెలుస్తుంది.

ఇంత ఇష్టం ఎందుకంటే, ఇదిగో, నా చెయ్యి చూడండి. గడియారం పట్టీ కింద. చిన్నప్పుడు పచ్చకామెర్లు వస్తే మణికట్టు మీద వాత పెట్టించారు. మన వైపు ఎంతమందికి లేవు? కానీ పదిహేనేళ్ల వయసులో అదొక పెద్ద రహస్యం. గాజులు కిందికి లాక్కుని, కొంగు చుట్టుకుని తిరిగేదాన్ని. దాచుకున్న మచ్చని ఒకరు చూస్తారు, చూశాక కూడా చెయ్యి వదలరు: ఆ నవలలన్నిటిలోనూ నేను వెతుక్కున్న పేజీ అదొక్కటే. దొరికినచోట పేజీ మూల మడతపెట్టేదాన్ని. నాకన్నా ముందు చదివినవాళ్లు కూడా చాలాసార్లు సరిగ్గా అక్కడే మడత పెట్టి ఉండేవాళ్లు.

సరే, అరకు సంగతి. 1986లో నాకు ఇటువైపు ఓ ఆశ్రమ పాఠశాలకి ఉద్యోగం వేశారు. ట్రంకు పెట్టె, పరుపుచుట్ట, సంచిలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం'. కిరండోల్ పాసింజర్ ఎక్కాను. ఈ కిరండోల్ లైను బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసింది. మొత్తం 58 సొరంగాలు. శృంగవరపుకోట దాటి రైలు కొండెక్కడం మొదలెట్టాక సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలోని పిల్లలంతా ఒక్క గొంతుతో అరుస్తారు. నేను మాత్రం పేజీ మీద వేలు పెట్టుకుని చీకట్లో కూర్చునేదాన్ని. చిన్నారి తులసి మీద కాష్మోరా అనే క్షుద్రశక్తిని ప్రయోగించారు, ఇరవై ఒక్క రోజులే గడువు. వెలుతురొస్తే రెండు పేరాలు, మళ్లీ చీకటి. భయపెట్టే నవలని చదవడానికి అంతకన్నా మంచి చోటు నాకు మళ్లీ దొరకలేదు.

'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన రోజులు మీలో కొందరికి గుర్తుండే ఉంటాయి. పత్రిక రావడమే ఆలస్యం, ఇంట్లో వంతులు. ఆ నవల గొప్పతనమంతా రెండు దారుల్లోనూ ఉత్కంఠని సమంగా నడపడంలో ఉందంటాను నేను. ఒకవైపు మంత్రం, ఇంకోవైపు వైద్యం. జరిగినదంతా చేతబడి అనుకోవడానికీ, జబ్బు అనుకోవడానికీ ఆధారాలు దొరుకుతూనే ఉంటాయి. చివరిదాకా ఏ తలుపూ పూర్తిగా మూయడు.

ఆ ఏడు చలికాలం, ఇలాగే నెగడు వేసుకుని, హాస్టలు పిల్లలకి ఆ కథ చెప్పాను. చిన్నపిల్లల్ని పంపేసి ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లకే. వాళ్ల కళ్లు చూస్తే నాకే ఒళ్లు ఝల్లుమంది. ప్రయోగం చేసే మంత్రగాడు కాద్రా ఒరిస్సా అడవుల వైపు నుంచి వస్తాడని చెప్పి, ఊపిరి తీసుకోవడానికి ఆగాను. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె నెమ్మదిగా అడిగింది.

"ఆ కాద్రాది ఏ ఊరు టీచర్? మా వైపువాడా?"

మేం కూర్చున్నచోటి నుంచి ఒరిస్సా కొండలు కనపడుతూనే ఉన్నాయి. ఆ పిల్లకి అక్కడ మేనమామలున్నారు. నా దగ్గర జవాబు లేదు. కథే కదమ్మా అన్నాను. ఆ మాట నాకే ఎంత చప్పగా వినిపించిందో!

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అప్పటినుంచీ ఏ భయాల నవల పట్టుకున్నా భయం ఏ దిక్కునుంచి వస్తోందో చూడటం అలవాటైంది. 1897 నాటి డ్రాకులా కార్పేథియన్ కొండల్లోంచి లండనుకి దిగుతాడు. 1847లో షార్లట్ బ్రాంటీ రాసిన 'జేన్ ఎయిర్'లో మేడమీద తాళం వెనక ఉన్న భార్య జమైకా నుంచి వచ్చింది. మన కాద్రా తూర్పు కనుమల వైపు నుంచి. రాసేవాళ్లూ చదివేవాళ్లూ చదునునేల మీదో నగరంలోనో ఉంటారు, భయం మాత్రం దూరపు కొండల్నుంచో, సముద్రం అవతల్నుంచో తెప్పించుకుంటారు. ఆ తాళం వేసిన గదిలో ఉన్నావిడ కథ ఏమిటని కరీబియన్‌లో పుట్టిన జీన్ రీస్ అడిగి, 1966లో ఆమె వైపునుంచే ఓ నవల రాసింది. మధ్యలో 119 ఏళ్లు.

మరి కొండమీదివాళ్లకి భయం ఏ దిక్కునుంచి వచ్చింది? ఇదే రైలు దిగకుండా కూర్చుంటే కోరాపుట్ వస్తుంది. అక్కడ ఉద్యోగం చేసిన గోపీనాథ మహంతి 1945లో ఒరియాలో 'పరజా' రాశారు. అందులో సుక్రు జాని కుటుంబాన్ని మింగేది ఏ కాష్మోరా కాదు. కొండెక్కి వచ్చిన షావుకారు, వాడి చిట్టా, ఆ అప్పుకింద తరాల తరబడి చేసే గొత్తి వెట్టి. కొండజాతుల తాతమ్మలు పిల్లల్ని బెదిరించడానికి ఎవరి పేరు చెప్పేవారో నేను విన్నాను. అటవీ గార్డు పేరు, షావుకారు పేరు. ఇప్పటికీ ఇక్కడ నలుగురు కూర్చుంటే 'వన్ ఆఫ్ సెవెంటీ' మాట రాకుండా ఉండదు. గిరిజనుల భూమి గిరిజనేతరులకి పోకూడదన్న 1970 నాటి చట్టం అది. వాళ్ల రక్షరేకు అదే.

రహస్యాల సంగతికొస్తే ఇంకా ఆశ్చర్యపోతారు. మన నవలల్లో కథానాయికకి వెనకటి ప్రేమ ఒకటుంటే అది తెలిసేసరికి ఇల్లు కూలిపోవాలి, ఒకరు విషం తాగాలి. ఇక్కడ పిల్లా పిల్లాడూ ఇష్టపడి వెళ్లిపోతే దాన్ని 'ఉదులియా' అంటారు. అదీ పెళ్లిలో ఒక పద్ధతే. నాలుగు రోజులయ్యాక పెద్దలు కూర్చుని పిల్లాడివైపువాళ్లు ఇవ్వాల్సిన ఓలి ఎంతో తేలుస్తారు, భోజనం పెడతారు. మొదటి మొగుడితో పొసగక ఇంకొకరి దగ్గరికి వెళితే ఆ ఓలి తిరిగి కట్టాలి. గొడవలు ఉంటాయి, ఏడుపులు ఉంటాయి, కానీ ఊరందరి ముందూ ఉంటాయి. మా పిల్లలకి 'సెక్రటరీ' కథ చెబితే నచ్చింది. కానీ ఇష్టమైతే అంతకాలం నోరు విప్పకుండా ఎందుకున్నారని అడిగారు. దానికి జవాబుగా మన ఇళ్ల సంగతులన్నీ చెప్పుకు రావలసి వచ్చింది నాకు.

సంతలో ఓ ముసలమ్మ పసుపు కొమ్ములు అమ్మేది. పొర్జ తెగ ఆవిడ. ఆ తరం ఆడవాళ్లలో చాలామందికిలాగే ముఖం మీద పచ్చపొడుపు. చెంపల మీద గీతలు, నుదుటి మీద చుక్కలు. ఓరోజు చిల్లర ఇస్తూ నా చెయ్యి పట్టుకుని, గడియారం పట్టీ పక్కకి జరిపి, వాత మీద వేలు పెట్టింది.

"ఇదేటి పంతులమ్మా, దాచేవు?"

చెప్పాను. విని, తన చెంప నిమురుకుంటూ వచ్చీరాని తెలుగులో అంది: "ఇది మాయమ్మ పొడిపించింది. అక్కడికెళ్లినాక నన్ను పోల్చుకోవాలి గదా."

చచ్చిపోయాక నగలు ఇక్కడే ఉండిపోతాయి, పచ్చపొడుపు మాత్రం వెంటొస్తుందని వాళ్ల నమ్మకం. నేను దాచుకున్నదానికి వెయ్యింతలు మచ్చల్ని ఆవిడ, తల్లి తనని గుర్తుపట్టడం కోసం, ముఖం మీద పెట్టుకుంది. ఆ సాయంత్రం నేను గడియారం తీసేసి ఇంటికొచ్చాను.

ఇదంతా విని కొండల్లో అన్నీ వెన్నెల రాత్రులే అనుకోకండి. ఇక్కడ ఓ మాటుంది, 'చిల్లంగి'. ఊళ్లో వరసగా ఇద్దరు పిల్లలు జ్వరంతో పోతారు. దోమ కుట్టిన మన్యం జ్వరమే. ఎవరో ఒకరు చూపు ఓ ముసలాయన మీదికో, ఒంటరిగా ఉన్న ఆడమనిషి మీదికో తిప్పుతారు. చిల్లంగి పెట్టాడంటారు. ఆ మాట పడ్డాక తన్నులు, ఊరి నుంచి వెళ్లగొట్టడం, ఒక్కోసారి ప్రాణం పోవడం. ఇలాంటివి ఆపడానికే పక్కనున్న ఒడిశా 2013లో ప్రత్యేకంగా చట్టం చేసుకుంది. నవల్లో దెయ్యాన్ని పుస్తకం మూసి పక్కన పెట్టి నిద్రపోతాం. ఆ దెయ్యమే ఊళ్లో తిరిగితే మూయడానికి అట్ట లేదు. మూఢనమ్మకమని ఒక్కమాటతో కొట్టిపారేసేవాళ్లంటే నాకు కోపం. ఆ ఊళ్లకి మలేరియా మాత్ర అందే దారి లేని రోజుల్లో భయానికి మరో పేరు దొరకలేదు వాళ్లకి. కానీ ఆ పేరు మోసిన మనిషి బాధ అంతకన్నా పెద్దది.

నన్ను కాద్రా ఊరడిగిన పిల్ల గురించి తర్వాత తెలిసింది. వాళ్ల తాతకి ఆ చిల్లంగి పేరే పడింది. రాత్రికి రాత్రి మూటలు సర్దుకుని ఇంకో కొండకి వచ్చేసిన కుటుంబం. మూడు రాత్రులు కాద్రా గురించి నేను గొంతు మార్చి మార్చి చెబుతుంటే ఆ పిల్ల మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని విన్నది.

ఆ నవలలు మానెయ్యలేదు. మొన్న విశాఖ వెళ్లినప్పుడు కూడా పాత పుస్తకాల బండి దగ్గర రెండు కొన్నాను. వాటి పక్కన ఇంకో వరస పెట్టుకున్నాను, అంతే. పార్వతీపురం కొండల వైపునుంచి మల్లిపురం జగదీశ్ రాసిన 'శిలకోల' కథలు అందులో ఉన్నాయి. లోపలివాళ్లు తమ ఊరిని తామే చెప్పుకుంటే చీకటి కూడా వేరేగా ఉంటుంది. ప్రేమా, దెయ్యమూ కలిసిన నవల ఈ కొండల్లోంచి ఎవరైనా రాస్తారేమోనని ఎదురుచూస్తున్నాను. రాస్తే మొదటి ప్రతి కొనేది నేనే.

కొంచెం ఆ కట్టె ముందుకు తొయ్యండి. ఒక్కటి చెప్పి ముగిస్తాను.

కాద్రా ఊరడిగిన పిల్ల తాత సంగతి తెలిసిన వారానికి, ఆ పిల్లనే కథ చెప్పమన్నాను. చాలాసేపు బతిమాలాక మొదలెట్టింది. వాళ్ల నాయనమ్మ చెప్పిందట. మనిషి పులవుతాడన్న నమ్మకం ఈ కొండల్లో పాతదే. దక్షిణాది కులాలూ తెగల మీద ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన ఏడు సంపుటాల్లో కూడా ఖోందు తెగవాళ్లకి ఈ నమ్మకం ఉందని రాశాడు. సగం ప్రాణం ఒంట్లోంచి వెళ్లి పులిగా తిరుగుతుందట, అంతసేపూ ఇంట్లో మనిషి మందకొడిగా ఉంటాడట, అడవిలో ఆ పులి చస్తే ఇక్కడ మనిషీ పోతాడట. నేనది చదివింది చాలా ఏళ్ల తర్వాత. ఆ పిల్ల మాత్రం చూసినట్టే చెప్పింది.

"ఒక ఊళ్లో పులి మేకల్ని ఎత్తుకుపోతంది టీచర్. మగాళ్లంతా బాణాలట్టుకుని కాపు కాశారు. ఒకాయన బాణం పులి భుజానికి తగిలింది. పులి పారిపోయింది. తెల్లారి ఓ ఇంట్లో మొగుడు లేవలేదు. దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకున్నాడు. పెళ్లాం దుప్పటి తీసి చూసింది. భుజం మీద గాయం."

పిల్లలంతా నిశ్శబ్దం. నేనూ ఊపిరి బిగబట్టాను. బయట ఊళ్లోవాళ్లు నెత్తుటి జాడ పట్టుకుని ఇల్లిల్లూ వెతుకుతున్నారట. ఈ ఇంటి ముందుకీ వచ్చారట. గుమ్మంలో ఆవిడ అడ్డంగా నిలబడి, మా ఆయనకి జ్వరం, లోపలికి రావద్దందట. వాళ్లు వెళ్లిపోయారట.

అక్కడ ఆపేసింది. నెగడులో కట్టె చిటపటమంది.

"తర్వాత?" అన్నాను నేను.

ఆ పిల్ల నావైపు వింతగా చూసింది.

"తర్వాతేటి టీచర్. తలుపేసి, ఆకు నూరి పసరు రాసింది."