గింజ తీసే యంత్రం, గింజ కట్టించే పిల్లలు

సవానా నది ఒడ్డున హోటళ్లుగా, దుకాణాలుగా మారిన పాత భవనాలు ఒకప్పటి పత్తి గోదాములు. అట్లాంటా నుంచి నాలుగు గంటల ప్రయాణం. ఇంటికి చుట్టాలొస్తే అక్కడికే తీసుకెళ్తాను. వాళ్లు ఫొటోలు దిగుతుంటారు, నాకు మాత్రం జడ్చర్లలో బాదేపల్లి మార్కెట్ యార్డూ, జిన్నింగ్ మిల్లుల దూది ధూళీ గుర్తుకొస్తాయి.

సవానా ఊరికి దగ్గర్లోని మల్బెర్రీ గ్రోవ్ అనే ఎస్టేటులోనే 1793లో ఎలీ విట్నీ పత్తి గింజలు తీసే జిన్ను చేశాడు. అక్కడి మెట్ట నేలల్లో పండే పొట్టి పింజ పత్తిలో గింజ ఓ పట్టాన ఊడిరాదు. మనిషి రోజంతా కూర్చున్నా దక్కేది అరకిలో దూది. జిన్నుతో ఇరవై కిలోలు దాటింది. పని అంత తేలికైతే అది చేసే బానిసల అవసరం తగ్గాలి కదా? తగ్గలేదు. గింజ తీయడం సులువయ్యేసరికి అందరూ పత్తే వేశారు. దున్నడం, కలుపు తీయడం, ఏరడం మాత్రం చేతుల మీదే ఉండిపోయాయి. 1790లో అమెరికాలో ఏడు లక్షల దాకా ఉన్న బానిసలు 1860 నాటికి సుమారు నలభై లక్షలయ్యారు. 1808లో బయటి నుంచి బానిసల్ని తేవడం నిషేధిస్తే, వర్జీనియా, మేరీలాండ్‌ల నుంచి తల్లీపిల్లల్ని విడదీసి దక్షిణాదికి అమ్మారు.

ఇదంతా పరాయి దేశపు పాపమని కూర్చోవడానికి లేదు. 1970లో సూరత్‌లో శాస్త్రవేత్త సి.టి. పటేల్ హెచ్-4 అనే హైబ్రిడ్ పత్తి విడుదల చేశారు. వాణిజ్య సాగుకొచ్చిన హైబ్రిడ్ పత్తుల్లో ప్రపంచంలోనే అది మొదటిది. దిగుబడి పెరిగింది, నిజమే. కానీ హైబ్రిడ్ విత్తనాన్ని ఏటా కొత్తగా పుట్టించాలి. సాయంత్రం ఆడ చెట్టు మొగ్గ గిల్లి కేసరాలు తీసెయ్యాలి, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి పుప్పొడి అద్దాలి. ఒక్కో మొగ్గకూ ఇదే తంతు, రోజూ, నెలల తరబడి. దీన్నే క్రాసింగ్ అంటారు. గుజరాత్ నుంచి ఈ సాగు మన కర్నూలు, పాలమూరు జిల్లాలకు పాకింది. గద్వాల నడిగడ్డలో ఆ చేన్ల నిండా ఆడపిల్లలే ఉండేవారు. తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇచ్చేవారు, అది తీరేదాకా బడి బందు. చిన్న వేళ్లయితేనే పని నాజూగ్గా సాగుతుందనేవారు. పెద్దవాళ్లకిచ్చే కూలి వీళ్లకు ఇవ్వక్కర్లేదు, ఎదురు చెప్పరు. అసలు సంగతి అదీ.

అప్పు కింద దొర పొలంలో చాకిరీ చేయించే భాగేలా మీద నిజాం ప్రభుత్వం 1936లోనే చట్టం తెచ్చింది. 1976లో దేశమంతటికీ వెట్టి నిర్మూలన చట్టమొచ్చింది. అవి ఉండగానే చేన్లలో ఈ అడ్వాన్సుల చాకిరీ నడిచింది. పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు అధ్యయనాలతో సంగతి విదేశాలదాకా పోయాక, పిల్లల్ని పెట్టుకునేది రైతులే, మాకేం సంబంధమన్నాయి విత్తన కంపెనీలు. ఆ మాటకొస్తే బానిసలు పండించిన పత్తిని కొన్న ఇంగ్లండ్ లాంకషైర్ నూలు మిల్లులకూ సొంత బానిసలు లేరు. విత్తనం ధర కట్టేది కంపెనీయే, ఆ ధరలో పెద్దల కూలి గిట్టదని దానికి తెలియదా?

అమెరికాలో చివరికి పత్తి ఏరే పని కూడా యంత్రం చేతికి పోయింది. 1944లో మిసిసిపీలోని క్లార్క్స్‌డేల్ దగ్గర ఏరే యంత్రాల్ని నడిపి చూపించారు. పనిపోయిన నల్లజాతి కుటుంబాలు షికాగో దారి పట్టాయి.

మొన్న ఫోన్లో మా మేనమామ, "ఏరెటోళ్లు దొర్కుతలేరు అల్లుడా, మీ దిక్కు మిషన్ మనకు పన్జేస్తదా?" అన్నాడు. మన పత్తి విడతలు విడతలుగా పగులుతుంది, మిషన్‌కైతే ఆకు రాల్చే మందు కొట్టి ఒక్కసారే ఏరాలి, దానికి పొట్టి రకాలు దగ్గర దగ్గరగా వెయ్యాలి అని చెప్పాను. "అంటే పంటనే మార్చాలె" అని, ఆ మందుకెంత, డీజిల్‌కెంత అని లెక్కలోకి దిగాడు. ఏటా వచ్చి ఏరే ఆడవాళ్లు ఆ లెక్కలోకి ఇంకా రాలేదు.