మూత మర్చిపోయిన రాత్రి

దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడేది మా అనంతపురంలోనే అని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగా. అందుకే ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి జైసల్మేర్ వెళ్దామని మా ఫ్రెండ్ అన్నప్పుడు, కరువు గురించి నాకు కొత్తగా ఏం తెలియాలిలే అనుకున్నా. ఆ ఎడారిలోనే వాడి మేనమామ ఊరు. మా పని రెండు ముక్కల్లో చెప్పొచ్చు. నేలలో కట్టుకున్న నీళ్ల తొట్టిలో సెన్సార్ పెట్టి నీటిమట్టం ఫోన్‌కి వచ్చేలా చేయాలి, ఊళ్లో తిరిగి సర్వే ఫారాలు నింపాలి.

ఆ తొట్టిని అక్కడ టాంకా అంటారు. మేనమామగారి టాంకా 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు. నిండితే సుమారు 21,000 లీటర్లు. దాని చుట్టూ నేలని పళ్లెంలా వాలుగా చదును చేస్తారు, పేరు ఆగోర్. వానలకి ముందు దాన్ని ఊడ్చి శుభ్రంగా ఉంచుతారు. చెప్పులతో తొక్కనివ్వరు. ఏడాదికి 200 మిల్లీమీటర్లు కూడా దాటని వానని అలా ఒడిసిపడతారు. మా జిల్లాలో దాదాపు 550 పడుతుంది. మా తాత పొలంలో నాలుగు బోర్లు వేయిస్తే మూడు ఎండిపోయాయి. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడటం నాకు అస్సలు నచ్చలేదు.

సర్వే మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. 'ఇంట్లో రోజుకి ఎన్ని లీటర్ల నీళ్లు వాడతారు?' అని దాదీని అడిగా. మేనమామ వాళ్లమ్మ ఆవిడ. 'ఏ నీళ్లు బేటా?' అని తిరిగి అడిగింది. వాన నీళ్లు పాలర్ పానీ. లోతు బావిలోవి పాతాళ్ పానీ, చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. ఈ రెండింటి మధ్య రేజాణీ పానీ. ఇసుకలోకి ఇంకిన వాన చెమ్మ, కింద జిప్సం పొర ఉన్నచోట ఉప్పునీళ్లలో కలవకుండా ఆగుతుంది. దానికోసం బేరీలని సన్నటి బావులు తవ్వుతారు. మూడు రకాల నీళ్లకి మూడు వాడకాలు. నా ఫారంలో ఉన్నది ఒక్కటే గడి.

సెన్సార్ బాగానే పనిచేసింది. మొదటిరోజు 176 సెంటీమీటర్ల నీళ్లు చూపించింది. దాదీ తాడు దించి, తడిసినంత మేరా మోచేత్తో కొలిచి, 'నాలుగు మూరలు' అంది. మూర అంటే 45 సెంటీమీటర్లు అనుకుంటే 180. నాలుగు వేలు పెట్టి కొన్న సామాను కంటే తాడు నాలుగు సెంటీమీటర్లే తేడా! అప్పటికి డిసెంబర్. మళ్లీ వాన జులైలో. ఉన్న 12,000 చిల్లర లీటర్లని ఏడు నెలలకి పంచితే రోజుకి 60 లీటర్లు కూడా రావు. ఇంట్లో ఏడుగురు. తాగడానికీ వంటకీ ఇవే నీళ్లు. జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకి 55 లీటర్లు.

మూడోరోజు రాత్రి రీడింగులు తిక్కగా రావడం మొదలైంది. టాంకా లోపలి ఆవిరికి సెన్సార్ మీద నీటి బొట్లు పడుతున్నాయి. టార్చ్ పట్టుకెళ్లి మూత తీసి, తుడిచి, లాప్‌టాప్‌లో గ్రాఫ్ సరైందని చూసి సంబరపడి పడుకున్నా. మూత వేయలేదు.

తెల్లారేసరికి నీళ్లలో ఎలుక తేలుతోంది.

మొదట చూసింది దాదీనే. అరవలేదు. చచ్చినదాన్ని బకెట్‌తో తీయించి, ఆ నీళ్లు ఇక మేకలకే అని కోడళ్లకి చెప్పింది. ఆ రోజు నుంచి ఇంటి ఆడవాళ్లు తాగేనీళ్లకి బేరీ దగ్గరికి నడిచారు, పోను రాను గంట పైనే. నేనూ ఒక బిందె ఎత్తుకున్నా. సగం దారిలో సగం ఒలకబోశా. దానికి మాత్రం అందరూ నవ్వారు.

వచ్చేముందు ముగ్గురం డబ్బులేసుకుని, టాంకా కడిగించి ట్యాంకర్ పోయించమని ఇచ్చాం. మేనమామ మొహమాటపడుతూనే తీసుకున్నారు. దాదీకి సారీ చెప్పబోతే, 'మీ డబ్బా రాత్రంతా చూస్తూనే ఉందిగా, ఎలుక పడితే చెప్పలేదా?' అంది. వెటకారమో, నిజంగానే అడిగిందో నాకు ఇప్పటికీ తెలీదు.

వైవాలో ఎర్రర్ పర్సెంటేజ్ ఎంతని అడిగారు. రెండు శాతంలోపే అన్నాం. మంచి మార్కులే వచ్చాయి. రిపోర్టులో ఎలుక లేదు, మూత లేదు. నాలుగోరోజు నుంచి డేటా ఎందుకు లేదంటే 'సాంకేతిక కారణాలు' అని రాశాం. ఆ లైన్ టైప్ చేసింది నేనే.

పోయినేడాది ఫ్రెండ్‌కి ఫోన్ చేసినప్పుడు ఆ ఊరి సంగతి అడిగా. కొళాయి వచ్చిందట, కొన్ని రోజులే నీళ్లట. టాంకా ఇంకా వాడుతున్నారట. ఇప్పుడు మూతకి తాళం ఉందని, తాళంచెవి దాదీ కొంగుకే ఉంటుందని చెప్పాడు.