ఎంత జ్ఞాపకం చాలును?



ఛందస్సులో గణాలు లెక్కించి కాలం గడిపిన తెలుగు పండితుణ్ణి. దారి చూపే యంత్రానికి, అదే రౌటరుకు, ఎంత మెమరీ కావాలో లెక్కించవలసి వస్తుందని ఏనాడూ అనుకోలేదు.

2020లో బడులు మూతపడినప్పుడు, శ్రీకాకుళంలో మా వీధి పిల్లలు పదిమంది మా అరుగుపై ఎడంగా కూర్చుని, నా కనెక్షను మీద ఫోన్లలో పాఠాలు వినేవారు. కొంతసేపటికి పాఠం నిలిచిపోయేది. అందరికన్నా ఆలస్యంగా వచ్చే కుర్రవాడొకడు మాటిమాటికీ లేచిపోతుంటే, "శ్రద్ధ లేనివాడికి సాకులెక్కువ" అని నలుగురిలో మందలించాను.

పాత కంప్యూటరులో లైనక్సు వేసి దానినే రౌటరుగా వాడవచ్చునని విన్నాను. దుకాణంలో అడిగితే, "ప్రపంచంలోని దారులన్నీ గుర్తుండాలి గదండీ, 16 జీబీ ఉన్న కొత్తది కొనండి" అన్నారు. పింఛను డబ్బు తీయబోతూ, బెంగుళూరులో ఇదే వృత్తిలో ఉన్న మేనల్లుడికి ఫోను చేశాను.

"మావయ్యా, ఢిల్లీలో ఉత్తరాలు వేరుచేసే గుమాస్తా పిన్‌కోడులో 532 చూసి శ్రీకాకుళం సంచిలో వేస్తాడు. టెక్కలి ఎక్కడుందో అతనికెందుకు? మీ పెట్టె అంతకన్నా సుఖజీవి. ఇంటిది కానిదల్లా పైవాడికి అప్పగిస్తుంది. దానికి ఒక్క దారి చాలు."

దారులన్నీ ఎరగవలసినవి పెద్ద సంస్థల రౌటర్లట. అవీ పొంగిపొర్లినవే. 2014 ఆగస్టు 12న ఇంటర్నెట్టు దారుల పట్టిక 5,12,000 దాటగా, అంతవరకే చోటున్న పాత రౌటర్లు తడబడి, దేశదేశాలలో సైట్లు మందగించాయి. ఇప్పుడా పట్టిక సుమారు పది లక్షలు. పట్టిక పెరుగుతుందని అందరికీ ముందే తెలుసు; అయినా అంతే!

"మరి నాది ఎందుకు ఆగుతోందిరా?"

"మీకు నిండుతున్నది దారులు కాదు, సంభాషణలు. ఒక్కొక్క ఫోను ఒకేసారి వందదాకా తెరుస్తుంది. ఏ జవాబు ఏ ఫోనుదో పెట్టె రాసుకోవాలి. ఆ పట్టిక నిండాక వచ్చినవాడికి చోటుండదు."

ఇద్దరం లెక్క వేశాము. ఒక్కొక్క సంభాషణకు సుమారు 300 బైట్లు. 65,536 సంభాషణలకైనా 20 ఎంబీ నిండదు. అటకమీది 1 జీబీ కంప్యూటరే పుష్కలం. రెండవ నెట్‌వర్క్ కార్డు మాత్రం కొన్నాను. మర్నాటినుండి పాఠం ఆగలేదు.

నిండాక వచ్చినవాడు! ఆ మాట నన్ను నిద్రపోనీయలేదు. తెల్లవారి ఆ కుర్రవాడి ఇంటికి వెళ్ళి, తప్పు నాదని చెప్పాను. వాడు సిగ్గుపడి తల గోక్కున్నాడు.

"ఒగ్గేయండి మాస్టారూ. ఇంతకీ ఇవాళ లైను ఉందా?"