సీటొచ్చింది సరే, బాత్రూమ్ సంగతేంటి?

హనుమాన్ జంక్షన్ అంటే చాలామందికి 2001లో వచ్చిన సినిమానే గుర్తొస్తుంది. అసలు జంక్షన్ ఉన్నది కృష్ణా జిల్లా బాపులపాడు మండలంలో. ఆంజనేయస్వామి గుడి దగ్గర నాలుగు దార్లు కలుస్తాయి. ఇటు విజయవాడ, అటు ఏలూరు, ఒకటి గుడివాడకి, ఇంకోటి నూజివీడుకి. తమాషా ఏంటంటే, 'నూజివీడు' రైల్వే స్టేషన్ కూడా ఇక్కడే ఉంది. నూజివీడు ఊరేమో ఇక్కణ్నుంచి సుమారు 20 కిలోమీటర్లు. పైగా 2022లో ఏలూరు జిల్లాలోకి వెళ్లింది.

ఎండాకాలం ఈ రోడ్డు మీద మామిడికాయలదే రాజ్యం. బంగినపల్లి, కలెక్టర్ కాయ, చిన్నరసాలు, పెద్దరసాలు. ఈ తోటల దారే నూజివీడు ట్రిపుల్ ఐటీకి కూడా దారి. 2008లో మొదలైంది. పదో తరగతి మార్కులతో సీటు, ఆరేళ్ల చదువు, ఉండేది హాస్టల్లోనే. పల్లెటూరి పిల్లలకి అదో పెద్ద కల.

ఈసారి ఈ దారిలో వెళ్తే ఒక పని చేయండి. కాలేజీ సీటొచ్చిన ఒక అమ్మాయి మీ పక్కనే వీల్‌చైర్‌లో ఉందనుకోండి. తను వాడుకోగలిగే బాత్రూమ్ ఎక్కడెక్కడ ఉందో చూసుకుంటూ వెళ్లండి.

రోడ్డు పక్క హోటల్లో బాత్రూమ్ ఎక్కడో వెనకాల ఉంటుంది. రెండు మెట్లు, సన్నటి తలుపు, లోపల తడి నేల. అందుకే ఇలాంటి పిల్లలు చాలామంది బయటికి వెళ్లే రోజు పొద్దుట్నుంచీ నీళ్లు తాగరు. మంచి ఎండల్లో కూడా! ఒక్కరోజు ప్రయాణమైతే ఎలాగో నెట్టుకొస్తారు. హాస్టల్లో ఏళ్ల తరబడి నీళ్లు మానుకుంటే? యూరిన్ ఇన్ఫెక్షన్లు, కిడ్నీలో రాళ్లు. చివరికి ఇంట్లోవాళ్లు అనే మాట ఒకటే: "ఎందుకులేమ్మా, ఇక్కడే ఏదో ఒకటి చదువుకో." అంటే ఏం చదవాలో ర్యాంకు కాదు, బాత్రూమ్ డిసైడ్ చేస్తోందన్నమాట.

నాలుగు అంగుళాల గోడ

మన బాత్రూముల్లో మొదటి అడ్డంకి గడప. నీళ్లు బయటికి రాకుండా తాపీ మేస్త్రీ మూడు నాలుగు అంగుళాల గట్టు కడతాడు. మనం చూసుకోకుండానే దాటేస్తాం. చక్రానికి మాత్రం అదో గోడ. గట్టు లేకపోయినా నీళ్లు ఆగుతాయి. నేలని లోపలి వైపుకి వాలుగా పోసి, తలుపు దగ్గర పొడవాటి జాలీ పెడితే చాలు.

రెండోది తలుపు. మామూలు వీల్‌చైర్ వెడల్పు 26 అంగుళాల దాకా ఉంటుంది. బాత్రూమ్ తలుపు రెండున్నర అడుగులు అనుకుంటే, ఫ్రేము, తలుపు మందం పోగా మిగిలేది బొటాబొటి. మూడడుగుల ఖాళీ దారి ఉండాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల ఎవరైనా పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకి మనిషే అడ్డమవుతారు.

లోపల కుర్చీ తిరగడానికి అయిదడుగుల చోటు కావాలి. కమోడ్ సీటు నేల నుంచి 45-48 సెంటీమీటర్ల ఎత్తులో, పక్కన పట్టుకోడానికి రాడ్. టవల్ రాడ్ కాదండోయ్, మనిషి బరువు మోసేది. కుర్చీలోంచి సీటు మీదికి జరగడానికి ఒక పక్క ఖాళీ వదలాలి.

ఫారిన్ డిజైన్లలో షవరే ఉంటుంది. మనది బకెట్, మగ్గు స్నానం. నేల మీదున్న బకెట్‌లోకి వంగితే ముందుకి పడిపోయేవాళ్లున్నారు. బకెట్‌కి ఒక దిమ్మ, చేతికందే హ్యాండ్ షవర్, జారని స్నానపు కుర్చీ ఉంటే ఎవరి సాయం లేకుండా స్నానం అయిపోతుంది. పదహారేళ్ల వయసులో అది ఎంత పెద్ద విషయమో చెప్పక్కర్లేదు.

సీటిచ్చి, గది ఇవ్వకపోతే

ఈ గొడవ మనకొక్కరికే కాదు. 1962లో అమెరికాలో ఎడ్ రాబర్ట్స్ అనే కుర్రాడికి బర్క్‌లీ యూనివర్సిటీలో సీటొచ్చింది. పోలియో వల్ల ఊపిరి పీల్చుకోడానికి ఐరన్ లంగ్ అనే పెద్ద మెషీన్ కావాలి. అది పట్టే హాస్టల్ గది లేదు. క్యాంపస్ ఆస్పత్రిలోనే ఉండి చదివాడు. తర్వాత అతనిలాంటి విద్యార్థులు ఇంకొందరు అక్కడికే చేరారు. మా బతుకు మేమే బతుకుతామనే వాళ్ల ఉద్యమం అక్కడే ఊపందుకుంది.

మనకీ 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు వాళ్లకివ్వాలి. క్యాంపస్ కూడా వాళ్లు వాడుకునేలా ఉండాలి. భవనాలు నిజంగా ఎలా ఉన్నాయో హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీ రిపోర్టు ఇచ్చాక, 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. సలహాల్లాంటి రూల్స్ కుదరవు, తప్పనిసరి రూల్స్ మూడు నెలల్లో తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది.

రూమ్మేట్స్ చేతిలో ఉన్నది

కట్టడం ఒక్కటే సరిపోదు. అందరూ వాడే చోట మంచి బాత్రూమ్ కూడా పాడైపోతుంది. చీపుర్లు, విరిగిన మంచాలు పెట్టి తాళం వేస్తారు. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీ దగ్గర! లేదా పొద్దున్నే క్యూ తప్పించుకోడానికి అందరూ అందులోకే దూరతారు. లోపల ఉన్నవాళ్లకి టైం ఎక్కువ పడుతుందని తెలిసీ తలుపు బాదేవాళ్లూ ఉంటారు.

హాస్టల్లో ఉంటే మీరు చేయగలిగేవి చిన్నవే. దారిలో బకెట్ వదలొద్దు. సబ్బు నీళ్లు తుడిచేయండి, కర్రల సాయంతో నడిచే ఫ్రెండ్‌కి తడి నేలే పెద్ద ప్రమాదం. మగ్గు, సబ్బు ఎప్పుడూ ఒకే చోట పెట్టండి, చూపు లేనివాళ్లు చేత్తోనే వెతుక్కుంటారు. పొద్దున మొదటి వంతు వాళ్లకివ్వండి.

కొత్త హాస్టల్ చూడ్డానికి వెళ్తే వైఫై స్పీడుతో పాటు బాత్రూమ్ తలుపు వెడల్పు కూడా అడగండి. మీకు అవసరం లేకపోయినా అడగండి. పదిమంది అడిగితే ఓనరే మేస్త్రీని పిలుస్తాడు.