లంబసింగి యాత్ర – పడక సంగతి

విశాఖపట్టణమునుండి నర్సీపట్టణము మీదుగా నూరు కిలోమీటర్లకు పైబడి ప్రయాణముచేసి, మలుపులు తిరుగుచు సాగు ఘాటుదారి నెక్కినచో లంబసింగి యను చిన్న పల్లె కానవచ్చును. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలమున, సముద్రమట్టమునకు సుమారు వేయి మీటర్ల ఎత్తున నున్న ఈ పల్లెను యాత్రికులు ‘ఆంధ్ర కాశ్మీర’ మని ముద్దుగా పిలుచుచున్నారు. స్థలస్థులకు మాత్రము దీనికి మఱియొక పేరు కలదు, అది కొర్రబయలు. ఆరుబయట పరుండినవాడు తెల్లవారునప్పటికి కొర్రువలె బిగిసిపోవునని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. ఊరి పేరులోనే ఇంతటి హెచ్చరిక యుండగా, దానిని లక్ష్యపెట్టక మేము ఆరుబయట పరుండుటకే పోయితిమి. అచ్చట నేర్చిన పాఠమును సోదరీమణులకు తెలుపుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము పోయినది డిసెంబరు మాసము. అత్తగారు, బావగారు, అక్కయ్య యని మేము పిలుచు మా తోడికోడలు, మావారు, పిల్లలిద్దరు, మేము – వెరసి ఏడుగురము. దారి కిరుప్రక్కల కాఫీతోటలు. ఆ తోటలకు నీడనిచ్చు ఎత్తైన సిల్వరు ఓకు చెట్ల మ్రాకులకు మిరియపుతీగెలు చుట్టుకొని పైపైకి ప్రాకుచుండును. కోతలు ముగిసిన పొలములలో వరిగడ్డి కుప్పలు, అక్కడక్కడ స్ట్రాబెర్రీ మళ్లు. ఇచ్చటికి సుమారు 20 కిలోమీటర్ల దూరమున నున్న చింతపల్లి పోలీసుఠాణాపైననే 1922 ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు తన మన్యపు వీరులతో దాడి సలిపి తుపాకులను గొనిపోయెను. నూరేండ్ల పిమ్మట, 2022లో, ఈ సీమ ఆయన పేరిట జిల్లాయైనది. ఆ కొండలను చూచునప్పుడు, కంబళియైనను లేక ఎన్ని రాత్రులు వారీ చలిలో గడపిరోగదా యని మనస్సు చివుక్కుమనక మానదు.

ఇక మా సంగతి. గుడారములు అక్కడనే అద్దెకు దొరకినవి. పడకలు మాత్రము మేమే తీసికొనిపోయితిమి. పట్టణమున నొక దుకాణములో ఇద్దరు ముగ్గురు పట్టునట్టి పెద్ద గాలిపరుపులు మూడు కొంటిమి. జానెడు ఎత్తున ఉబ్బి, చూచుటకు పట్టెమంచములవలె నుండెను. ఎంత ఎత్తుగా నుండిన అంత సుఖమని దుకాణదారు చెప్పెను, మేము నమ్మితిమి. కాలితో త్రొక్కు పంపుతో వానిని నింపి, దుప్పట్లు పరచి, ‘ఇంటికంటె మేలు’ అని పిల్లలు గంతులు వేయుచుండగా నిద్రకు ఉపక్రమించితిమి.

రాత్రి పండ్రెండు దాటునప్పటికి వీపు చల్లబడెను. పైన రెండవ కంబళి కప్పుకొంటిమి; ఫలము లేదు. మూడవది కప్పుకొంటిమి, పొట్టపై చెమట, వీపుక్రింద మంచు! ఒకరు ప్రక్కకు తిరిగిన పడవ యూగినట్లు రెండవవారు ఎగిరిపడుట. తెల్లవారుజామునకు పరుపు మెత్తబడి, అత్తగారి తుంటియెముక నేలను తాకుచుండెను. ఆమెకు నడుమునొప్పి యున్నది. మమ్ము లేపుట కిష్టములేక, ఆమె మెల్లగా బయటికి పోయి, చలిమంట నిప్పుల ప్రక్కన తెల్లవారుదాక కూర్చుండెను. ఆ సంగతి మాకు సూర్యోదయమైన పిమ్మట గాని తెలియదు. పాలసముద్రమువలె లోయను నింపిన మంచుమేఘములను జూడ వచ్చిన మాకు, నీలుగు నడుముతో నిలువలేక నిలుచున్న ఆమె ముఖమే కంటబడెను.

దారిప్రక్కన తేనీరు కాచు గిరిజన స్త్రీ యొకతె మా మాటలు విని నవ్వి, “సలి పైనుండి రాదమ్మా, కిందనుండి వస్తాది. గడ్డెయ్యండి,” అని, తమ కుప్పనుండి రెండు మోపుల వరిగడ్డి తీసి యిచ్చెను. ఆ రెండవ రాత్రి గుడారములో గడ్డి దట్టముగా పరచి, దానిపై టార్పాలిను, దానిపై జమఖానా, బొంత వేసి, అత్తగారిని పరుండబెట్టితిమి. చలిమంటను గడ్డికి బహుదూరమున నుంచి, పరుండుటకు ముందు నీరు చల్లి ఆర్పితిమి. అత్తగారు కదలక మెదలక తెల్లవారుదాక నిద్రించెను. పైకము పోసి కొన్న పరుపును రెండు మోపుల గడ్డి ఓడించినది!

ఇంటికి వచ్చిన పిదప దీని కారణమేమని విచారించితిమి. కదలని గాలి చలికి మంచి అడ్డు. బొంతలోని ప్రత్తి, గడ్డిలోని పరకలు, గాలిని చిన్నచిన్న గదులలో బంధించి కదలనీయవు. మా పరుపులోనో, గాలి బంధించువారు లేక, మనము కదలినప్పుడెల్ల అటునిటు పరుగిడి మన వేడిని గొనిపోయి నేల కప్పగించును. పైగుడ్డనుండి క్రిందిగుడ్డకు వేడి కిరణరూపమునను పోవును. పైన నెన్ని కంబళ్లు కప్పినను శరీరముక్రింద పడిన భాగము బరువునకు అణగిపోవును గాన, క్రిందివైపు దానివలన ప్రయోజనము స్వల్పము. ఇదియునుగాక, గాలి చల్లబడినకొలది కుంచించుకొనును. సాయంకాలము 25 డిగ్రీల వేడిలో నింపిన గాలి తెల్లవారుజామున 8 డిగ్రీలకు దిగినచో, నూటికి సుమారు ఆరుపాళ్లు తగ్గును. పరుపు చిల్లిపడినదని మేము దుకాణదారును నిందించితిమి. నిజమునకు చిల్లి లేదు, చలియే కారణము.

గుడారములలో పరుండువారికై తయారగు పడకలు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది గాలి నింప నక్కరలేని దట్టమైన ఫోము చాప. ఇది చవుక, తేలిక. ముల్లు గ్రుచ్చుకొన్నను చెడదు. కాని పలుచనిది గాన పెద్దలకు ఎముకలు నొచ్చును. రెండవది తనంతట తాను గాలి పీల్చుకొను పరుపు. లోపల స్పాంజి యుండును. మూత త్రిప్పినతోడనే స్పాంజి విచ్చుకొని గాలిని లోనికి లాగును. కడపట నాలుగు ఊపులు ఊదిన చాలును. దీనిని అమెరికాలోని సియాటెల్ నగరమున 1970 ప్రాంతమున, బోయింగు విమానసంస్థలో పనిచేసి యుండిన ఇంజనీర్లు కల్పించిరి. తోటపనిలో మోకాళ్లక్రింద వేసికొను స్పాంజి దిండునుండి ఈ యూహ పుట్టినదందురు. ఇంటి తోటలోని దిండు కొండలకెక్కిన దన్నమాట. మూడవది గాలిచాప: అంతయు గాలియే యైనను, లోపల సన్నని నూలువంటి పీచుగాని, వేడిని తిరుగగొట్టు తళుకురేకుగాని యమర్చబడి యుండును. చుట్టిన నీళ్లచెంబంత యగును. అరకిలో యటునిటు తూగును. మేము మొదట కొన్న ఇంటిపరుపులలో ఈ యమరిక యేదియు లేదు.

కొనునప్పుడు ఎత్తును గాదు, ‘ఆర్-విలువ’ యను అంకెను ముందు చూడవలెను. పరుపు వేడిని ఎంతవఱకు నిలుపునో ఆ అంకె తెలుపును. దీనిని కొలుచు పద్ధతిని ఏ.ఎస్.టి.ఎం. అను ప్రమాణసంస్థ ఎఫ్ 3340 పేరిట 2018లో నిర్ణయించినది. అంతకుముందు ఒక్కొక్క కంపెనీ తనకు తోచినట్లు చెప్పుకొనుచుండెడిది. ఈ విలువ రెండుకు లోపల నున్నచో వేసవి రాత్రులకు, సముద్రతీరమునకు చాలును. రెండునుండి నాలుగువఱకు చల్లని రాత్రులకు; నాలుగుకు పైన మంచుకురియు చోటులకు. డిసెంబరు, జనవరి మాసములలో లంబసింగి వేకువ ఉష్ణోగ్రత ఒంటి అంకెకు దిగుట పరిపాటి గాన, మూడున్నరకు తక్కువ వలదని మా అనుభవము. రెండు పడకలను ఒకదానిపై నొకటి వేసినచో రెండింటి విలువలును కూడుకొనును. కాబట్టి చవుకైన ఫోముచాప క్రింద వేసినచో మధ్యరకపు గాలిచాపయు గట్టిదగును. ముల్లు రాయి భయమును తీరును.

పిదప దళసరి. వెల్లకిల పరుండువారికి అయిదు సెంటీమీటర్లు చాలును. ప్రక్కకు తిరిగి పరుండువారికి, నడుమునొప్పి గలవారికి ఏడెనిమిది కావలెను. వెడల్పు సాధారణముగా 51 సెంటీమీటర్లుండును, మోచేతులు జారును. 64 సెంటీమీటర్లది పెద్దలకు సుఖము. ఇద్దరికి కలిపి యొకటి కొనుటకంటె ఎవరిది వారికే మేలు. ఒకరి కదలిక మఱియొకరి నిద్రను చెఱుపదు. కొన్ని గాలిచాపలు కదలినప్పుడెల్ల కాగితము నలిపినట్లు గరగరలాడును. దుకాణములోనే పరుండి చెవి యొగ్గవలెను. సిగ్గుపడ నక్కరలేదు, పట్టుచీరకు పోగు పరీక్షింతుము గదా!

నోటితో ఊదరాదు. ఊపిరిలోని తేమ లోపల చేరి బూజు పట్టించును, పంపుసంచితో నింపవలెను. పరుండుటకు ముందు చల్లని గాలిలో మఱియొకసారి నింపుట మఱువరాదు. ఐనను బిఱ్ఱుగా నింపుట తప్పు. ప్రక్కకు తిరిగి పరుండినపుడు తుంటి నేల తాకకుండ, భుజము కొంచెము దిగునంత వఱకే యుండవలెను. గుడారపు నేల వాలుగా నున్నచో నైలాను చాప జారును. పాత నూలుదుప్పటితో గలీబువలె నొక తొడుగు కుట్టి, మూలలకు నాడాలు కట్టినచో జారదు, చల్లగా తగులదు, మురికియైన ఉదుకవచ్చును. ప్రయాణమునకు ముందు ఇంట సిమెంటు నేలపై ఒక రాత్రి పరుండి చూచుట తప్పనిసరి. చిల్లి యనుమానమున్నచో సబ్బునీరు రాయుడు. బుడగ వచ్చినచోటే చిల్లి. తిరిగివచ్చిన పిదప నీడలో ఆరబెట్టి, స్పాంజి గలదానిని చుట్టక, మూత తీసి మంచముక్రింద పరచి యుంచవలెను.

ఈ విషయములన్నియు తెలిసికొని, మఱుసటి డిసెంబరున తిరిగి అదే చోటికి పోయితిమి. ఎవరికేది కావలెనో అక్కయ్యయే కాగితముపై వ్రాసి తెప్పించెను. అత్తగారికి వెడల్పైన స్పాంజి పరుపు, బావగారికి, మావారికి దళసరి గాలిచాపలు, మాకొకటి, పిల్లలకు రెండు. ఆ రాత్రి అందఱును హాయిగా నిద్రించితిమి. నడిజామున అత్తగారికి మెలకువ వచ్చి బయటికి చూడగా, ఏడాది క్రిందట తాను కూర్చున్న చోటనే, ఆరిన బూడిద ప్రక్కన, అక్కయ్య ముడుచుకొని కూర్చుండి యుండెను. ఆమె కాగితముపై ఆరు పడకలే యున్నవి. తనకు పాత జమఖానా చాలును, రెండు రాత్రులకేగదా యని యెవరికిని చెప్పక ఊరకుండెను. ఆరు మూటలు మోసి, ఆరు చాపలు పరచి, ఆరింటికి గాలి నింపిన మాలో నొక్కరును ఏడవది యేదని అడుగలేదు.

అత్తగారు ఆమె చేయి పట్టుకొని, “ఇంటికి దీపం ఇల్లాలంటారు. ఆ దీపాన్ని తెచ్చి ఈ గాలిలో పెట్టావేమే అమ్మాయీ?” అని, తన పరుపుపై ఆమెను పరుండబెట్టెను. మేము సిగ్గుపడి లేచి, పిల్లల చాపలు రెండును చేర్చి, వారి నడుమ అత్తగారికి చోటు చేసితిమి. ఆ మిగిలిన రాత్రి మాకు నిద్ర లేదు. ఈసారి తప్పు పరుపుది గాదు.

నిద్రసంచులకు ఐ.ఎస్.ఓ. 23537 అను అంతర్జాతీయ ప్రమాణము కలదు. దాని ప్రకారము సంచిపై ‘సుఖము’ అని వ్రాయు ఉష్ణోగ్రత స్త్రీని, ‘హద్దు’ అని వ్రాయునది పురుషుని దృష్టిలో నుంచుకొని లెక్కించినవి. ఏలయన సామాన్యముగా స్త్రీకే చలి ముందు తెలియును. అనగా ఇంటిలో ఒక్కటే మంచి పడక యున్నచో, దానియందు మొదటి హక్కు ఆమెదే. మనమో, వడ్డనలోవలెనే పడకలోను మిగిలినది మనకని సరిపెట్టుకొందుము.

కావున సోదరీమణులారా, కొండలకు పోవునపుడు ఆర్-విలువ చూడుడు, దళసరి చూడుడు, వెడల్పు చూడుడు. కాని కాగితముపై పడకలు లెక్కించునపుడు ఒకటి యని మొదట మిమ్ము మీరే లెక్కించుకొని, పిదప తక్కినవారిని లెక్కింపుడు. సంక్రాంతికి ముందే మేము ఏడవ చాప తెప్పించితిమి. దాని తొడుగుపై మా అత్తగారు ఎఱ్ఱదారముతో అక్కయ్య పేరు కుట్టినది. దానిని ఇతరు లెవ్వరును తీయరాదని ఆమె యాజ్ఞ.