ఉగాదికి సెలవు, గుడ్‌ఫ్రైడేకి ఆఫీసు

మారిషస్‌లో ఉగాదికి పబ్లిక్ హాలిడే ఉంది. గుడ్‌ఫ్రైడేకి లేదు. క్రిస్మస్‌కి ఉంది, దీపావళికి ఉంది, వినాయక చవితికి, శివరాత్రికి, రంజాన్‌కి, చైనా వాళ్ళ కొత్త సంవత్సరానికి, తమిళుల కావడి పండక్కి కూడా ఉంది. జనాభాలో దాదాపు మూడో వంతు క్రైస్తవులున్న దేశంలో గుడ్‌ఫ్రైడే రోజు మాత్రం మామూలుగా లాప్‌టాప్ భుజాన వేసుకుని ఆఫీసుకి వెళ్ళాలి. గుంటూర్లో లూథరన్ చర్చి గంట వింటూ పెరిగినవాడికి ఇది ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదనుకుంటా. ఇండియాలో కేంద్ర ప్రభుత్వం కూడా ఆ రోజు సెలవిస్తుంది మరి!

నేనిక్కడికి వచ్చింది 2022 చివర్లో. ఎబెన్ అని ఒక సైబర్ సిటీ ఉంది, మన సాయంతోనే కట్టారు. పక్క నుంచి వెళ్ళే మెట్రో లైను కట్టింది కూడా మన ఎల్ అండ్ టీ వాళ్ళే. గచ్చిబౌలిలో ఒక సందుకి చెరుకు తోటలూ కొండలూ తగిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. దీవి మొత్తం వైశాల్యం 1,865 చదరపు కిలోమీటర్లు. మన గుంటూరు, కృష్ణా వాళ్ళకి అది ఏ మూలకీ రాదు. ఇండియా కంటే గంటన్నర వెనక. హైదరాబాద్ టీమ్ పొద్దున్న తొమ్మిదిన్నరకి స్టాండప్ కాల్ పెడితే నాకు ఎనిమిది. ఈ గంటన్నర ఉంది చూశారూ, అమెరికా పన్నెండు గంటల కన్నా ఇదే చిరాకు. పూర్తిగా వేరే లోకంలో ఉన్నామన్న వంకా పెట్టలేం, ఒకే ఊళ్ళో ఉన్నట్టూ ఉండదు.

రోజువారీ సంగతులు తొందరగానే అలవాటయ్యాయి. ఆఫీసు కాగితాలన్నీ ఇంగ్లీషు, పేపర్లు ఫ్రెంచి, మనుషులు మాట్లాడుకునేది క్రియోల్. ఆదివారం మధ్యాహ్నం దాటితే చాలా కొట్లు మూసేస్తారు, ఊరంతా బిర్యానీ గిన్నెలతో సహా బస్సెక్కి సముద్రం ఒడ్డుకి పోతుంది. పొద్దున్న టిఫిను అంటే రోడ్డు పక్కన ధోల్‌పురీ. శనగపప్పు పూర్ణం పెట్టిన పల్చటి రొట్టె, బెల్లం లేని బొబ్బట్టు అనుకోండి. రెండు కలిపి, మధ్యలో కూరా పచ్చడీ వేసి చుట్టిస్తారు. మిరపకాయ వేయమంటావా అని ప్రతి ఒక్కడూ అడుగుతాడు. గుంటూరు వాణ్ణి పట్టుకుని! మార్కెట్లో 'బ్రెద్ మురుమ్' అని ఆకుకూర కనపడితే ఏమిటో అనుకున్నా, తీరా చూస్తే మునగాకు. కరివేపాకుని 'కారిపులే' అంటారు. రెండూ అరవం నుంచి వచ్చిన మాటలే. రూపాయి నోట్ల మీద కూడా ఇంగ్లీషు, తమిళం, హిందీ ఉంటాయి. వాటిలో ఏది ముందు ఉండాలని 1998లో పెద్ద గొడవై నోట్లు మళ్ళీ అచ్చేశారట. మన లిపి లేదు. గొడవ కూడా లేదు. మనవాళ్ళు మనవాళ్ళే :)

ఇంతకీ మనవాళ్ళు ఇక్కడికి ఎప్పుడొచ్చారంటే... 1835లో బ్రిటిష్ వాళ్ళు ఇక్కడ బానిసత్వం రద్దు చేశారు. చెరుకు తోటలకి మనుషులు కావాలి. అంతకు ముందు ఏడాది, 1834 నవంబర్ 2న మొదలుపెట్టి 1920 దాకా దాదాపు అయిదు లక్షల మందిని ఇండియా నుంచి ఒప్పంద కూలీలుగా ఓడల్లో దించారు. దించిన చోటు ఆప్రవాసీ ఘాట్, పోర్ట్ లూయీలో ఉంది, 2006 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. అక్కడ రాతిమెట్లున్నాయి, వెళితే తప్పక చూడండి. మన వైపు నుంచి విశాఖ, శ్రీకాకుళం జనం, కాకినాడ పక్క కోరంగి రేవు మీదుగా వచ్చినవాళ్ళు ఉన్నారు. ఆ వంశాల వాళ్ళే ఇప్పటి మారిషస్ తెలుగువాళ్ళు. ఇంటిపేర్లలో అప్పన్నలూ అప్పడులూ కనపడుతుంటారు. ఫ్రెంచిలో నవలలు రాసే నతాషా అప్పనా పేరు కూడా అలాంటిదే. సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, రామభజనం రాత్రంతా చేస్తారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఇక్కడే.

ఇదంతా విని ఛాతీ ఉప్పొంగిందా? నాకూ ఉప్పొంగింది. ఆ తర్వాతే ఒక చిన్న చిక్కు తెలిసింది.

ఇక్కడ తెలుగు అంటే భాషొక్కటే కాదు, మతం కూడా. నిజం. జనాభా లెక్కల్లో మతం అన్న చోట హిందూ, రోమన్ కాథలిక్, ముస్లిం, తమిళ్, మరాఠీలతో పాటు తెలుగు అని విడిగా రాయించుకుంటారు. కాబట్టి 'నేను తెలుగువాణ్ణి' అని ఎవరికైనా చెబితే, నేను ఏ గుడికి వెళతానో కూడా చెప్పినట్టే. తర్వాత ఆదివారం నేను చర్చికి బయల్దేరితే వాళ్ళకి అది టైప్ మిస్‌మాచ్ ఎర్రర్.

మేముండే ఇంటి కింద వాటాలో ఒక ఆంటీ ఉన్నారు. అరవై దాటాయి, కుంకుమ బొట్టు, కాళ్ళకి మెట్టెలు. ముత్తాత తెలుగు. ఆవిడకి తెలుగు రాదు, భజన పాటలు మాత్రం మొత్తం కంఠతా. నాతో క్రియోల్ సగం, హిందీ పావు, ఇంగ్లీషు పావు కలిపి మాట్లాడతారు. మొదటి నెల్లోనే అడిగారు, "నువ్వు తెలుగు కదా, మరి చర్చికి ఎందుకు వెళ్తావు?" అని. మా నాన్న, తాత, వాళ్ళ నాన్న అందరూ క్రైస్తవులే, తెలుగులోనే ప్రార్థన చేస్తారు, తెలుగు కీర్తనలు రాగాల్లో పాడతారు అని చెప్పాను. ఆవిడ చాలాసేపు ఆలోచించి, "అయితే మీరు క్రియోల్ తెలుగు" అన్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన దగ్గర కూడా ఈ ప్రశ్న అడుగుతారు. కాలేజీలో, మొదటి ఉద్యోగంలో, అద్దె ఇంటి ఓనరు దగ్గర. "ఓ, మీరు క్రిస్టియన్సా?" అంటారు, అని ఒక్క క్షణం ఆగుతారు. ఆ ఆగడంలో అసలు ప్రశ్న ఉంటుంది. ఏ కులం అని. ఇరవై ఏడేళ్ళుగా నాకు ఆ క్షణం పొడవు ఎంతో సెకన్లలో తెలుసు. ఆంటీ ప్రశ్నలో అది లేదు. ఆవిడకి నిజంగానే అర్థం కాక అడిగారు, అంతే. ఆ రాత్రి నాకు ఎంత తేలిగ్గా అనిపించిందో రాయడం కష్టం.

అలాగని ఇది స్వర్గం అనుకోకండి. ఇక్కడ ఆ క్షణం వేరేవాళ్ళకి ఉంది. క్రియోల్ అంటే ఎక్కువగా ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి తెచ్చిన బానిసల సంతతి, ఎక్కువమంది కాథలిక్కులు. 1993లో రోజర్ సెర్వో అనే క్రియోల్ ఫాదర్ తన జనం వెనకబాటు గురించి బయటికి మాట్లాడాక 'క్రియోల్ వ్యథ' లాంటి అర్థం వచ్చే మాటొకటి అక్కడ వాడుకలోకి వచ్చింది. 1999 ఫిబ్రవరిలో కాయా అనే పాటగాడు పోలీసు కస్టడీలో చనిపోతే దీవి రోజుల తరబడి తగలబడింది. మా ఆఫీసులో కోడ్ రాసేవాళ్ళెవరో, సాయంత్రం ఆరు తర్వాత బల్లలు తుడిచేవాళ్ళెవరో చూస్తే ఆ కథ ఇంకా అయిపోలేదని తెలుస్తుంది. ఆంటీ 'క్రియోల్ తెలుగు' అన్నప్పుడు నాకు నవ్వు వచ్చింది గానీ, ఆ మాట ఇక్కడ పొగడ్త కాదని తర్వాత అర్థమైంది. తిట్టూ కాదులెండి. ఒక లెక్క ప్రకారం సరిగ్గా నా చిరునామా అదే. బాగా తెలిసిన చిరునామా.

చర్చి సంగతికొస్తే, లూథరన్ చర్చి నాకు దొరకలేదు. మొదట కాథలిక్ పూజకి వెళ్ళాను. ముందు బెంచీల్లో తెల్ల ఫ్రెంచి కుటుంబాలు, చైనా వాళ్ళు, వెనక క్రియోల్ వాళ్ళు. ఎవరూ కూర్చోబెట్టలేదు, అలవాటు కొద్దీ కూర్చున్నారు. అంతా ముప్పావుగంటలో అయిపోయింది! మా ఇంటి దగ్గర అంతసేపట్లో ప్రకటనలు కూడా పూర్తి కావు. ఇప్పుడు ఆంగ్లికన్ చర్చికి వెళుతున్నా. ఆరాధన క్రమం పుస్తకంలో ఏ పేజీలో ఉన్నామో భాష రాకపోయినా తెలిసిపోతుంది, అదొక సుఖం. ప్రసంగం క్రియోల్‌లో. ఆరు నెలలకి జోకులు అర్థమయ్యాయి, ఏడాదికి వాక్యం అర్థమైంది. పాట మాత్రం ఇప్పటికీ లోపలికి దిగదు. గిటారు, రావాన్ డప్పు, అందరూ ఊగుతూ పాడతారు, బాగుంటుంది. కానీ నాకు హార్మోనియం, తబలా, చివరి చరణం దగ్గర మా పెద్దమ్మ శృతి తప్పడం కావాలి. భాష నేర్చుకోవచ్చు గానీ ఆ పెద్దమ్మని ఎక్కడి నుంచి తేను?

క్రిస్మస్ అయితే మరీ తిరకాసు. డిసెంబరు ఇక్కడ నడి వేసవి. మన దగ్గర మే నెలలో పూసే గుల్‌మొహర్ ఇక్కడ క్రిస్మస్‌కి పూస్తుంది, లీచీ పళ్ళు గుత్తులు గుత్తులుగా వేలాడతాయి. మంకీ క్యాప్ పెట్టుకుని రాత్రి రెండింటికి ఇంటింటికీ తిరిగి కేరల్స్ పాడిన నాకు, చెమట తుడుచుకుంటూ క్రిస్మస్ పాట పాడటం మొదటిసారి నాటకంలా అనిపించింది. వేసవే తుఫాన్ల కాలం కూడా. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని హెచ్చరిక క్లాసులుంటాయి, ఎల్‌కేజీ పిల్లలకి కూడా తెలుసు. 2024 జనవరి 15న బెలాల్ తుఫాను వచ్చినప్పుడు పోర్ట్ లూయీ వీధుల్లో కార్లు తేలాయి. అమ్మది దివిసీమ. 1977 ఉప్పెన కథలు వింటూ పెరిగాను. ఆ వారం రోజూ నాలుగుసార్లు ఫోన్ చేసింది.

మళ్ళీ సెలవు దగ్గరికి. 2023లో ఉగాది మార్చి 22, బుధవారం. సెలవు. ఆంటీ పచ్చడి ఇచ్చారు, వేపపువ్వు తక్కువ, చక్కెర ఎక్కువ. గుడ్‌ఫ్రైడే ఏప్రిల్ 7. ఆ రోజు రిలీజ్. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీది ఏడు మాటల ఆరాధన మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఎగ్గొట్టలేదు, ఎంసెట్ ఏడాది నేను కూడా. మేనేజరు దగ్గరికి వెళ్ళి సెలవడిగాను. ఆయనదీ తెలుగు ఇంటిపేరే. ఆశ్చర్యంగా చూసి, "నీకు ఉగాది ఇచ్చేశారు కదా?" అన్నాడు. వెటకారం కాదు, దేశం పద్ధతే అది. ఒక్కో సమాజానికి ఇన్ని సెలవులని పంచుకున్నారు, నా వాటా నేను తీసేసుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఇంత చిన్న దేశంలో ఇన్ని రకాల మనుషులు పెద్దగా కొట్టుకోకుండా ఉండటానికి ఈ పంపకం కూడా ఒక కారణమే, దాన్ని నేను తప్పు పట్టను. కానీ రెండు గడుల్లో ఉన్నవాణ్ణి ఏం చేయాలో ఆ పట్టికలో లేదు. సగం రోజు నా సొంత సెలవు పెట్టుకుని వెళ్ళాను. మూడున్నరకి ఇంటి నుంచి డిప్లాయ్ చేశాను. ప్రొడక్షన్ పడిపోలేదు.

అన్నట్టు పేర్ లావాల్ గురించి చెప్పాలి. ఫ్రాన్సులో డాక్టరు, తర్వాత ఫాదర్ అయ్యి 1841లో ఇక్కడ దిగాడు. విడుదలైన బానిసల దగ్గరికి వెళ్ళి, వాళ్ళ క్రియోల్ నేర్చుకుని, వాళ్ళతోనే బతికి 1864 సెప్టెంబర్ 9న పోయాడు. సరిగ్గా మరుసటి ఏడాది, 1842లో, ఫాదర్ హేయర్ గుంటూరొచ్చాడు. ఆయనా మధ్యలో వెళ్ళి వైద్యం చదువుకుని తిరిగొచ్చినవాడే. ఒకే సముద్రానికి రెండు వైపులా ఒకే రకం పిచ్చివాళ్ళు. లావాల్ సమాధి పోర్ట్ లూయీ పక్కన సెంత్ క్రువాలో ఉంది. ఏటా సెప్టెంబర్ 8 రాత్రి దీవి నలుమూలల నుంచి జనం నడిచి వెళతారు. ఒక్క కాథలిక్కులే కాదు, హిందువులూ ముస్లింలూ కూడా.

2023లో నన్ను అక్కడికి తీసుకెళ్ళింది ఎవరనుకున్నారు? కింద వాటా ఆంటీ. చర్చికి ఎందుకెళ్తావని అడిగిన ఆవిడే! ముప్పై ఏళ్ళుగా వెళుతున్నారట, కొడుక్కి జ్వరం తగ్గిన ఏడాది నుంచి. బొట్టు పెట్టుకుని, చేతిలో కొవ్వొత్తులతో. దారంతా మోకాళ్ళ నొప్పి గురించి చెబుతూనే నడిచారు, ఒక్కసారి కూడా ఆగలేదు. లోపల సమాధి మీద ఆయన బొమ్మ పడుకుని ఉంటుంది, అందరూ దాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకుంటారు. ఆవిడ నన్ను ముందుకి తోసి "ముట్టుకో" అన్నారు. మేము లూథరన్లం, మాకు సమాధుల్ని మొక్కడం లేదు అని చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "తెలుగు అంటావు గుడికి రావు, చర్చి అంటావు ఇది ముట్టుకోవు. సరే, ఈ బ్యాగు పట్టుకో" అన్నారు.

బ్యాగు పట్టుకుని లైను పక్కన నిలబడ్డాను. బరువుగానే ఉంది. లోపల ధోల్‌పురీలు, ఒక నీళ్ళ సీసా, ఇంకా వెలిగించని కొవ్వొత్తులు రెండు. బయటికొచ్చాక వాటిలో ఒకటి నా చేతిలో పెట్టారు, "ఇది వెలిగించొచ్చా మీ దాంట్లో?" అని అడిగి. వెలిగించొచ్చు అన్నాను.