పాత మేటాగ్ ముందు ప్యానెల్ విప్పితే

పాత టాప్‌లోడ్ వాషింగ్ మెషీన్లంటే నాకు ప్రాణం. ఇక్కడ అమెరికాలో వాటిని ఏరికోరి సేకరించి, బాగుచేసి, ఇప్పటికీ బట్టలు ఉతుక్కునేవాళ్లున్నారు.

1947లో వచ్చిన ఫ్రిజిడేర్‌నే తీసుకోండి. అప్పట్లో అది జనరల్ మోటార్స్ వాళ్లది. అందరిలా మధ్య స్తంభాన్ని కుడి ఎడమలకు తిప్పకుండా, రోకలి దంచినట్టు పైకీ కిందికీ ఆడించారు. ఎంత ధైర్యమైన ఆలోచన!

నా ఓటు మాత్రం మేటాగ్‌కే. 60, 70ల నాటి మెషీన్ ముందు ప్యానెల్ విప్పి, టార్చి వేసి కిందికి చూడండి. మోటారు ఒకచోట బిగించి ఉండదు, చిన్న పట్టాల మీద అటూ ఇటూ జరుగుతుంది. స్ప్రింగులు దాన్ని లాగిపట్టి బెల్టు బిగువు చూసుకుంటాయి. మోటారు ఒకవైపు తిరిగితే ఉతుకుతుంది, రెండోవైపు తిరిగితే పిండుతుంది. అంతే! సర్క్యూట్ బోర్డు ఊసే లేదు. ఎప్పుడేం చెయ్యాలో చెప్పేది టిక్కుటిక్కుమంటూ కదిలే టైమర్ ఒక్కటే. బెల్టు అరిగితే బెల్టు మార్చుకుంటాం, మెషీన్‌ని కాదు.

నీళ్లు ఎక్కువ తాగుతాయి, నిజమే. కానీ విప్పి చూసుకోగలిగేలా, బాగుచేసుకోగలిగేలా చేసిన వస్తువు మీద నాకున్న గౌరవం వేరు.

అయోవాలోని న్యూటన్‌లో మేటాగ్ ఫ్యాక్టరీ 2007లోనే మూతపడింది. ఇక ఉన్నవాటినే కాపాడుకోవాలి. ఇక్కడ పాత ఇళ్లు కొంటున్న మనవాళ్లకి ఒక్క మాట: బేస్‌మెంట్‌లో ఇలాంటిది కనిపిస్తే తుక్కులో వేసెయ్యకండి, ముందు నాకో మెసేజ్ పెట్టండి.